వేస్తే పోయేదేముంది? కౌతాళం నుంచి పిల్లల ఐసీయూ దాకా చెప్పుకునే తప్పు సలహాలు

కర్నూలు జిల్లా కౌతాళంలో బిడ్డకు జ్వరం వస్తే సలహాలకు కరువుండదు. అవ్వ ఒకటి చెబుతుంది, పక్కింటి పిన్నమ్మ ఒకటి చెబుతుంది, సూది వేసే ఆర్‌ఎంపీ ఇంకొకటి, మందుల షాపులో నిలబడ్డ కుర్రవాడు మరొకటి. జ్వరం ముదిరి బిడ్డను ఆదోనికి, అక్కణ్ణుంచి కర్నూలుకో బళ్ళారికో రాయచూరుకో ఎత్తుకుపోయినా సలహాలు ఆగవు. పిల్లల ఐసీయూ లోపల కూడా ఉంటాయి. అక్కడ చదువుకున్నవాళ్ళు చదువుకున్న మాటల్లో చెబుతారు. వాటిలో చాలావాటికి వేరు మాత్రం ఒక్కటే: “ఒక యాంటీబయాటిక్ వేసేద్దాం, వేస్తే పోయేదేముంది?”

పోయేది చాలా ఉంది. ఈ సలహాలన్నీ బిడ్డ మీద ప్రేమతోనూ, బిడ్డ ఏమైపోతుందోనన్న భయంతోనూ పుట్టినవే. అందుకే వాటిని కాదనడం ఎవరికీ మనసు రాదు. ఒక్కొక్కటే ఎత్తుకుని, ఎక్కడ తప్పుతోందో, దానికి బదులు ఏం చేయాలో రాస్తున్నాను. కొన్ని అమ్మానాన్నల కోసం, కొన్ని డాక్టర్లూ సిస్టర్ల కోసం. ఎవరి భాగం వాళ్ళు చదివి ఊరుకోకండి. ఐసీయూలో ఏ మందు పనిచేస్తుందో చాలాసార్లు ఊళ్ళో వేసిన సూది తేల్చేస్తుంది. ఊళ్ళో రేపు ఏ మందు పనిచేయదో ఐసీయూ తేల్చేస్తుంది.

“జ్వరమొచ్చిన రోజే పవర్ సూది ఒకటి వేయించు, దిగిపోతుంది”

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరకు జనం కదిలే రోజుల్లోనే మా వైపు పిల్లల జ్వరాలు కూడా కదులుతాయి. వానలు, నిలవ నీళ్ళు, దోమలు, ఒకే గదిలో పది మంది నిద్ర. ఈ జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌లవి. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను, వైరస్ మీద దానికి పట్టు లేదు. ఆ జ్వరం మూడు నాలుగు రోజులకు తనంతట తాను దిగుతుంది. ముందురోజు సూది వేయించి ఉంటే పేరు సూదికి పోతుంది. తర్వాతి జ్వరానికి మళ్ళీ అదే సూది.

డెంగీలో ఈ నమ్మకం ప్రాణం మీదికి తెస్తుంది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం మండుతున్నప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, ఒళ్ళు చల్లబడే వేళ రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం సూది పనిచేసింది, జ్వరం పోయింది అని ఊపిరి పీల్చుకుంటారు. బిడ్డ అరిచేతులు చల్లగా, మూత్రం తక్కువగా, మాట మగతగా ఉండడం ఎవరి కంటా పడదు. ఐసీయూకి షాక్‌లో వచ్చే డెంగీ పిల్లల వెనక చాలాసార్లు ఇలాంటి నిశ్చింత ఒకటి ఉంటుంది. డెంగీ బిడ్డకు కావలసింది కొలిచి ఎక్కించే ద్రవాలు, గంట గంటకూ చూసే కళ్ళు.

విరేచనాలదీ అదే దారి. పసిపిల్లల నీళ్ళ విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్. దాని టీకాను 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ విరేచనాలకు మందు ఓఆర్‌ఎస్, 14 రోజుల జింకు. మలంలో రక్తం పడితే లెక్క వేరు, అప్పుడు డాక్టరు యాంటీబయాటిక్ ఆలోచిస్తారు.

ఇక్కడ ఆర్‌ఎంపీని తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. ఆయన్ను అడగవలసింది ఒకటే: ఏం వేశావు అన్నా, ఎంత వేశావు, ఎన్ని గంటలకు వేశావు, కాగితం మీద రాసివ్వు. రాయకపోతే ఖాళీ సీసా అడిగి జేబులో వేసుకోండి. “ఏదో తెల్ల పొడి మందు, నీళ్ళు కలిపి వేశారు” అన్న మాటతో ఐసీయూ డాక్టరు ఏమీ చేయలేరు. రెండు పూటల సూది పడ్డాక తీసిన రక్తంలో బ్యాక్టీరియా ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. శత్రువెవరో తెలియకుండానే పోరాడాల్సి వస్తుంది. ఆ గుడ్డితనం వల్లే మందు మీద మందు పేరుకుపోతుంది.

“వైడాల్‌లో వచ్చింది, టైఫాయిడే, సూదులు మొదలుపెట్టండి”

జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ పరీక్ష, అందులో ఒక అంకె, ఆ అంకె చూసి సూదుల వరస. కౌతాళం, కోసిగి, ఎమ్మిగనూరు, ఆదోని, ఎక్కడ చూసినా ఇదే. కాలువ నీళ్ళు నింపుకుని వాడుకునే ఎస్సెస్ ట్యాంకుల ప్రాంతం కాబట్టి టైఫాయిడ్ భయం ఉట్టిది కాదు. కానీ వైడాల్ వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు, దాని మీద ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను. అవి పెరగడానికి వారం దాకా పడుతుంది. టైఫాయిడ్ తరచూ కనిపించే ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ కొంత ఉంటాయి. వేరే జ్వరాల్లోనూ ఆ అంకె లేవొచ్చు. అంటే రెండో రోజు వైడాల్ అవునన్నా నమ్మలేం, కాదన్నా నమ్మలేం.

టైఫాయిడ్ అనుమానం నిజంగా ఉంటే మొదటి సూదికి ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి. మొదటి వారంలోనే అది బాగా పనికొస్తుంది. ఇది చాదస్తం కాదు. ఒకప్పుడు టైఫాయిడ్‌ను సులువుగా లొంగదీసిన సిప్రోఫ్లాక్సాసిన్ మన దేశంలో ఆ జబ్బుకు దాదాపు పనికిరాకుండా పోయింది. 2016లో పాకిస్తాన్ సింధ్ ప్రాంతంలో మొదలైన టైఫాయిడ్ సెఫ్‌ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. మనకు ఆ మందు ఇంకా పనిచేస్తోంది. దాన్ని జలుబుకూ దగ్గుకూ ఖర్చుపెట్టుకుంటూ పోతే ఎన్నాళ్ళు నిలుస్తుంది? హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. వంద సూదుల కంటే ఆ ఒక్క టీకా, మరగబెట్టిన నీళ్ళు మేలు.

“పోయినసారి అక్కకు తెచ్చిన సిరప్ మిగిలే ఉంది, పోసేయ్”

పొడిలో నీళ్ళు కలిపిన తర్వాత ఆ సిరప్‌కు ఆయుష్షు రోజుల్లోనే. అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా వారం దాటితే పారబోయాలి. మా ఎండల్లో అటక మీదున్న సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. పద్దెనిమిది కిలోల అక్క మూత ఎనిమిది కిలోల తమ్ముడికి కుదరదు, మోతాదు మించిపోతుంది. అటు బరువుకు చాలని మోతాదైతే క్రిమిని చంపదు, మందును గుర్తుపట్టడం నేర్పుతుంది.

“యాంటీబయాటిక్‌లు విషం, అసలు ఇవ్వనే వద్దు”

పైన చెప్పిందంతా విని కొందరు ఇటు కొసకు పోతారు. ఇదీ అంతే తప్పు. న్యుమోనియా పట్టిన బిడ్డకు సమయానికి ఇచ్చిన అమాక్సిసిలిన్ ప్రాణం నిలబెడుతుంది. ఎప్పుడు కావాలో తెలుసుకోవడానికి ఇంట్లో ఒక పద్ధతి ఉంది: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ళ లోపు బిడ్డకు 40, లేదా అంతకు మించి ఉంటే అది ఎగ ఊపిరి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే కళ్ళు తెరవకపోయినా ఇంట్లో లెక్కలు చాలించి 108కి ఫోన్ చేయాలి.

సెప్టిక్ షాక్‌లో ఉన్న బిడ్డకు గంట లోపల యాంటీబయాటిక్ పడాలని 2020లో వచ్చిన అంతర్జాతీయ పిల్లల సెప్సిస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షాక్ లేని సెప్సిస్‌కు మూడు గంటలు. కౌతాళం బిడ్డకు ఆ మొదటి గంట రోడ్డు మీదే కరిగిపోతుంది. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. అందుకే “పెద్దాసుపత్రిలో చూసుకుంటారులే, మనమెందుకు వేయడం” అన్న సలహా కూడా తప్పు సలహాల జాబితాలోదే. ప్రమాద చిహ్నాలున్న బిడ్డకు రిఫర్ చేసేముందు మొదటి డోసు ఇచ్చి పంపాలని పిల్లల జబ్బులపై ప్రభుత్వమిచ్చే ఐఎంఎన్‌సీఐ శిక్షణలోనే ఉంది. వీలుంటే ముందు కల్చర్ సీసాలో రక్తం తీయండి, వీలు కాకపోతే ఆగకండి. వేసి, పేరూ మోతాదూ సమయమూ రిఫరల్ చీటీ మీద రాయండి.

మరి ఇందాక సూది వద్దన్నావు కదా అంటే, ఆడుకుంటూ జ్వరమున్న బిడ్డకు వద్దన్నాను. వడలిపోయిన బిడ్డకు క్షణం ఆగొద్దంటున్నాను. ఈ తేడా కనిపెట్టడమే వైద్యంలో కష్టమైన పని. ఆ కష్టం తప్పించుకోవడానికే అందరికీ ఒకే సూది అనే అలవాటు పుట్టింది.

“ఐసీయూకి వచ్చాడంటే అన్నిటికన్నా పైమందుతోనే మొదలుపెట్టాలి”

ఇక లోపలికి పోదాం. పిల్లల ఐసీయూలో వినిపించే మాట “హయ్యర్ యాంటీబయాటిక్”. మాటలోనే మెట్ల వరస ఉంది: కింద చవక మందు, పైన ఖరీదైన మందు, పైకి పోయేకొద్దీ బలం. ఈ బొమ్మే తప్పు. మందుకు బలం ధరలో లేదు, ఎదురున్న క్రిమికి సరిపోవడంలో ఉంది.

మా ప్రాంతానికి బాగా అతికే ఉదాహరణ స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే సూక్ష్మమైన పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. చేల గట్ల మీద ఆడుకునే పిల్లలకు, సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి చేల దగ్గరే గుడిసెలు వేసుకునే కుటుంబాల పిల్లలకు ముప్పు ఎక్కువ. ఐదు రోజులు దాటిన జ్వరం, ఉబ్బిన ముఖం, తగ్గిన ప్లేట్‌లెట్లు, ఆయాసం. ఈ బిడ్డకు సెఫ్‌ట్రియాక్సోన్ వేసినా లాభం లేదు, మెరోపెనెమ్ వేసినా లాభం లేదు, రెండూ ఆ క్రిమిని తాకవు. తాకేది చవకగా దొరికే డాక్సీసైక్లిన్, లేదా అజిత్రోమైసిన్. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ వల్ల పళ్ళు రంగు మారతాయన్న పాత భయం కొద్ది రోజుల కోర్సుకు వర్తించదని ఇప్పుడు ఒప్పుకున్నారు. రోగం పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. బట్టలు పూర్తిగా విప్పి గజ్జల్లో, చంకల్లో, చెవి వెనక నల్లటి పొక్కు కోసం వెతకాలి. నొప్పి ఉండదు కాబట్టి బిడ్డ చెప్పదు, మనమే చూడాలి. పొక్కు దొరకనంత మాత్రాన జబ్బు లేదని కూడా కాదు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు పెద్దగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచే. ఆ కుటుంబపు మందు తెలుగు బిడ్డకు అందక, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైనది వృథాగా నరంలోకి ఎక్కుతుంటే చూడడం నాకు బాధ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది. మొదటిది యాక్సెస్: అమాక్సిసిలిన్, జెంటామైసిన్, అమికాసిన్, క్లాక్సాసిలిన్, డాక్సీసైక్లిన్ వంటివి, ముందుగా అందుకోవలసినవి. రెండోది వాచ్: సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, వాంకోమైసిన్, మెరోపెనెమ్, కనిపెట్టుకుని వాడవలసినవి. మూడోది రిజర్వ్: కొలిస్టిన్, లినెజోలిడ్ లాంటివి, వేరే దారి లేనప్పుడు తీయవలసినవి. మా ఊరి మందుల షాపులో చీటీ లేకుండా అడిగితే వచ్చేవి ఎక్కువగా రెండో గుంపువి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫ్‌ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది వేరే పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి.

పెద్దాసుపత్రులూ దీనికి అతీతం కావు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో దేశంలోని 20 పెద్దాసుపత్రుల్లో సర్వే చేస్తే, చేరినవాళ్ళలో దాదాపు 72 శాతం మందికి యాంటీబయాటిక్ రాసి ఉంది. అందులో సగానికి పైగా జబ్బుకు కాదు, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా రాసినవి. క్రిమి ఏదో తేల్చుకుని రాసినవి 6 శాతమే. ఈ లెక్కలో పెద్దవాళ్ళూ ఉన్నారు, అన్ని వార్డులూ ఉన్నాయి. పిల్లల ఐసీయూలో భయం ఇంకా ఎక్కువ కాబట్టి చెయ్యి ఇంకా తొందరపడుతుంది.

ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు మొదట విస్తృతంగా పనిచేసే మందు వేయడం తప్పని నేననను. కానీ ఆ మందు ఆ ఆసుపత్రిలో నిరుటి కల్చర్లలో ఏ క్రిములు పెరిగాయి, ఏ మందుకు లొంగాయి అన్న పట్టిక చూసి ఎంచుకున్నదై ఉండాలి. మెరోపెనెమ్ పక్కన మెట్రోనిడజోల్ కూడా వేలాడదీసి ఉంటే ఎవరైనా ఆగి అడగాలి. మెట్రోనిడజోల్ ఎక్కువగా చేసే పనిని మెరోపెనెమ్ అప్పటికే చేస్తోంది. రెండు సీసాలు రెండు రెట్ల కాపుదల అనుకోవడం తల్లిదండ్రుల పొరపాటైతే అర్థం చేసుకోవచ్చు, రాసేవాళ్ళ పొరపాటు కాకూడదు.

“కల్చర్‌లో ఏదో పెరిగింది, వెంటనే మందు వేయండి”

కల్చర్ తీయకపోవడం ఒక తప్పు, తీసి దాన్ని తప్పుగా చదవడం ఇంకొకటి. వెంటిలేటర్ మీద వారం రోజులున్న బిడ్డ గొట్టంలోంచి గళ్ల తీసి పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, తరచుగా అసినెటోబ్యాక్టర్. గొట్టం గోడలకు క్రిమి అంటుకుని ఉండడం వేరు, ఊపిరితిత్తుల్లో జబ్బు చేయడం వేరు. జ్వరం లేదు, ఆక్సిజన్ అవసరం పెరగలేదు, ఎక్స్‌రే మారలేదు, గళ్ల చిక్కబడలేదు. అలాంటప్పుడు కాగితం మీదున్న పేరుకు కొలిస్టిన్ మొదలుపెడితే వైద్యం కాగితానికి జరుగుతుంది, కిడ్నీల దెబ్బ బిడ్డకు తగులుతుంది.

జ్వరం ఎగసిన ప్రతిసారీ అలవాటుగా రక్తం తీయడం కూడా మేలు చేయదు. సూది గుచ్చినప్పుడు చర్మం మీది క్రిమి సీసాలోకి దిగుతుంది, అది చూసి ఇంకో మందు మొదలవుతుంది. అమెరికాలో 14 పిల్లల ఐసీయూలు కలిసి, కల్చర్ తీసేముందు బిడ్డను నిదానంగా పరీక్షించి అవసరమా అని ఆలోచించే పద్ధతి పెట్టుకున్నాయి. 2022లో వచ్చిన ఫలితాల్లో కల్చర్లు మూడో వంతు తగ్గాయి, విస్తృత యాంటీబయాటిక్‌లు 13 శాతం తగ్గాయి, మరణాలు పెరగలేదు. మా జిల్లాలో చిక్కు దానికి తలకిందులు: తీయవలసిన మొదటి కల్చరే తీయరు. రెండింటికీ మందు ఒకటే, తీసేముందు బిడ్డను చూడడం.

“మొదలుపెట్టాక మధ్యలో ఆపితే ప్రమాదం”

ఈ మాట తల్లిదండ్రులూ అంటారు, డాక్టర్లూ అంటారు. ఉన్న పొలం తాకట్టు పెట్టి బిడ్డను ఐసీయూలో చేర్చిన నాన్నకు మూడో రోజు వచ్చి “మందు ఆపేస్తున్నాం” అంటే గుండె జారుతుంది. డబ్బులు చాలవని ఆపుతున్నారేమో, ఆశ వదిలేశారేమో అనుకుంటాడు. ఆయనకు కూర్చోబెట్టి చెప్పాలి: “అన్నా, బిడ్డ రక్తంలో బ్యాక్టీరియా పెరగలేదు. జ్వరం వైరస్‌ది. ఈ మందు ఇంక బిడ్డకు చేసే మేలు లేదు, అందుకే ఆపుతున్నాం. బిడ్డను చూడడం ఆపడం లేదు.” ఈ రెండు నిమిషాల మాట కూడా మందు రాయడంలో భాగమే. దీనికి సమయం లేదనే ఐసీయూల్లో కోర్సులు పది రోజులు, పద్నాలుగు రోజులు సాగుతాయి.

బిడ్డ రక్తంలో నిజంగా క్రిమి ఉంటే కల్చర్ యంత్రం చాలావరకు ఒకటిన్నర రోజులోపే చెప్పేస్తుంది. 48 గంటలకు ఒకసారి ఆగి, కాగితం ముందు పెట్టుకుని అడగాలి: ఇన్ఫెక్షన్ ఉందా? ఉంటే ఇరుకైన మందుకు మారొచ్చా? నోటి ద్వారా ఇవ్వొచ్చా? ఎన్ని రోజులు? లేకపోతే ఇప్పుడే ఆపుదామా? మామూలు న్యుమోనియాకు ఐదు రోజులు చాలని ఇటీవలి పరీక్షలు పిల్లల్లోనే చూపించాయి. మెదడు పొర వాపు, ఎముక ఇన్ఫెక్షన్, స్టెఫైలోకాకస్ క్రిమి రక్తంలో పాకడం, వీటికి ఎక్కువ రోజులు కావాలి. అంతే తప్ప ఏడు, పది, పద్నాలుగు అన్నవి ఏ క్రిమీ ఒప్పుకుని సంతకం చేసిన అంకెలు కావు. నరంలోంచి నోటికి మారడం దిగజారడం కాదు, బిడ్డ కోలుకుంటున్న గుర్తు. నరంలో గొట్టం ఉన్న ప్రతి రోజూ క్రిమికి తెరిచిన తలుపే.

“వేస్తే పోయేదేముంది”

ఇప్పుడు వేరు దగ్గరికి వద్దాం. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతున్న బిడ్డకు మెరోపెనెమ్ వేస్తే, రక్తంలో వాల్‌ప్రోయేట్ గబగబా పడిపోతుంది, ఆగిన ఫిట్స్ మళ్ళీ వస్తాయి. అమికాసిన్ మోతాదు మించినా, రోజులు మించినా కిడ్నీకీ వినికిడికీ ముప్పు. వాంకోమైసిన్ తొందరగా ఎక్కిస్తే ఒళ్ళంతా ఎర్రబడుతుంది. పుట్టిన బిడ్డకు కాల్షియం ఎక్కుతుండగా సెఫ్‌ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు కల్చర్‌లో ఏమీ లేకపోయినా రోజుల తరబడి యాంటీబయాటిక్ ఇస్తే, పేగు కుళ్ళే జబ్బూ మరణాలూ ఎక్కువగా కనిపించాయి. మంచి బ్యాక్టీరియా చచ్చిన చోట ఫంగస్ పెరుగుతుంది. ఒక్క బిడ్డ ఒంట్లోనే ఇంత పోతుంది.

ఇక పక్క మంచం. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల నవజాత శిశువుల మీద జరిగి 2016లో అచ్చయిన అధ్యయనంలో, రక్తంలో దొరికిన అసినెటోబ్యాక్టర్‌లో 82 శాతం ఒకేసారి అనేక మందులకు లొంగనివి. ఆ పసిపిల్లలు యాంటీబయాటిక్ ఎక్కువ వాడి ఉండరు, పుట్టి రోజులే. ఎవరికో వాడిన మందు తయారుచేసిన క్రిమి ఎవరి చేతుల మీదో వాళ్ళ దగ్గరికి నడిచింది. 2019లో ప్రపంచంలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 12.7 లక్షలని అంచనా, అందులో ఐదింట ఒకటి ఐదేళ్ళ లోపు పిల్లలది.

ఆదోని మార్కెట్‌కు పత్తి తోలిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. రెండు జన్యువుల బీటీ పత్తి 2006లో వచ్చినప్పుడు కాయ తొలిచే పురుగు తిప్పలు తీరాయనుకున్నాం. పదేళ్ళు తిరక్కుండానే గులాబీ రంగు పురుగు దానికి లొంగడం మానేసింది. ప్రతి చేలో, ప్రతి మొక్కలో, పంటకాలమంతా అదే విషం ఎదురైతే, తట్టుకున్న పురుగే బతికి పిల్లలు పెట్టింది. ఐసీయూలో ప్రతి మంచం మీద, ప్రతి బిడ్డకు, ఉన్నన్ని రోజులూ మెరోపెనెమ్ అంటే జరిగేది అదే.

దీనికి మందులతోనే విరుగుడు లేదు. చేతులు కడుక్కోవడం ఐసీయూలో అన్నిటికన్నా చవకైన చికిత్స. మంచానికీ మంచానికీ మధ్య, డాక్టరుతో సహా అందరూ. చూడ్డానికొచ్చిన అవ్వ కూడా. సిస్టర్ “చేతులు కడుక్కోండి సార్” అని పెద్ద డాక్టరుతో అనగలిగిన చోట యాంటీబయాటిక్ తక్కువ పడుతుంది. మూత్రం గొట్టం, మెడలోని లైన్, వెంటిలేటర్ గొట్టం, ఇవి ఈరోజు తీసేయొచ్చా అని రోజూ అడగడం కూడా అంతే.

“మందు పేరు రాస్తే చాలు, మిగతాది సిస్టర్ చూసుకుంటుంది”

2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ వైద్య కళాశాలల డాక్టర్లందరికీ ఉత్తరం రాస్తూ, యాంటీబయాటిక్ రాసినప్పుడు ఎందుకు రాస్తున్నారో చీటీ మీద కచ్చితంగా రాయమన్నారు. ఈ ఒక్క వరస చాలా పని చేస్తుంది. “సెప్సిస్ అనుమానం, ఊపిరితిత్తులు” అని రాసే చెయ్యి “ఎందుకైనా మంచిదని” అని రాయలేదు. దానితో పాటు ఆ రోజు తూచిన బరువు, కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకొకసారి, ఎంతసేపు ఎక్కించాలి, ఇది ఎన్నో రోజు, ఎప్పుడు మళ్ళీ చూడాలి. షాక్‌లో ఉన్న బిడ్డకు ద్రవాలు ఎక్కించాక ఒంట్లో నీరు పెరుగుతుంది, కిడ్నీలు ఒకరోజు మందగించి మరోరోజు పరుగెత్తుతాయి. నిన్నటి మోతాదు ఈరోజుకు తగ్గొచ్చు, పెరగొచ్చు. మంచం తలాపున మందుల షీటు మీద “యాంటీబయాటిక్ 3వ రోజు” అని పెద్ద అంకెతో ఉంటే, రౌండ్‌లో ఎవరైనా ఆపాలా అని అడుగుతారు. అంకె లేని చోట మందు అలవాటుగా మారిపోతుంది.

తల్లిదండ్రులు అడగడానికి జంకకండి. “సార్, ఈ మందు దేనికి? కల్చర్‌లో ఏమొచ్చింది? ఎప్పుడు ఆపుతారు?” ఇవి డాక్టరు మీద అనుమానం చూపే ప్రశ్నలు కావు. మంచి డాక్టరు వీటికి సంతోషిస్తారు.

“బాగైంది కదా, కాగితాలు పారేయండి”

పారేయకండి. డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలున్నాయో లేదో ఇంటికి బయల్దేరేముందే చూసుకోండి: ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడారు, కల్చర్‌లో ఏ క్రిమి పెరిగింది లేదా పెరగలేదు, ఏ మందు పడలేదు. ఐసీయూలో పెద్ద మందులు వాడిన బిడ్డ పేగుల్లో మందుకు లొంగని క్రిములు నెలల తరబడి నివాసం ఉండొచ్చు. ఆ నెలల్లో మళ్ళీ గట్టి జ్వరం వస్తే మొదట చూసే డాక్టరుకు ఈ కాగితం చూపించండి, మందు ఎంచుకునే లెక్క మారుతుంది. ఇంటికిచ్చిన సిరప్ ఎన్ని రోజులో రాయించుకోండి, అన్ని రోజులూ పోయండి, మిగిలింది పారబోయండి.

దీపావళి దాటాక గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతున్నా ఆ కాగితం, బిడ్డ టీకా కార్డు మూటలో ఉండాలి. న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితం: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. కౌతాళంలో ఒకటి వేయించుకుని బయల్దేరినవాళ్ళు తర్వాతిది అక్కడి ఆశా కార్యకర్తను అడిగి, దగ్గర్లోని పీహెచ్‌సీలో వేయించుకోవచ్చు. కార్డు మీద తారీఖు రాయించుకుని తిరిగి తీసుకురండి.